రష్ వారంలో నేను చెప్పిన కుస్తీ కథ

నేను కుస్తీలో చేరింది ధైర్యం ఉండి కాదు, పోటీ తక్కువని. హైస్కూల్లో చేరబోయే వేసవిలో, ఇర్వింగ్‌లోని మా ఇంటి డైనింగ్ టేబుల్ దగ్గర ఒక అంకుల్ కూర్చుని నా భవిష్యత్తును లెక్కగట్టారు. ఆయన పిల్లలిద్దరూ పెద్ద కాలేజీల్లో చేరారు కాబట్టి, మా చుట్టుపక్కల వాళ్ళందరూ ఆయన్ని పిలిచి భోజనం పెట్టి సలహా అడిగేవారు.

"టెన్నిస్ వద్దమ్మా. టెన్నిస్‌లో అందరూ మనవాళ్ళే. స్విమ్మింగ్ కూడా నిండిపోయింది. మనవాళ్ళు వెళ్ళని లైన్ ఒకటి పట్టాలి."

"అలాంటిది ఏముందండీ ఇంకా?" అంది అమ్మ.

"గర్ల్స్ రెజ్లింగ్."

"అంటే... కుస్తీయా అండీ?"

"కుస్తీయే. పాప బరువెంత?"

"తొంభై ఎనిమిది పౌండ్లు."

"ఇంకేం! ఆ బరువులో స్కూళ్ళకి పిల్లలే దొరకరు. ఫస్ట్ డే నుంచే వార్సిటీ, అంటే స్కూలు మెయిన్ టీమ్."

నన్నెవరూ అడగలేదు. నేను అక్కడే ఒళ్ళో పుస్తకం పెట్టుకుని చదువుతున్నాను. ఎంసెట్ రోజుల్లో ఏ కాలేజీలో ఏ బ్రాంచికి ఎంత ర్యాంకు చాలో చూసుకున్నట్టే, అమ్మానాన్నలు ఈ దేశంలో ఏ ఆటకి ఎంతమంది వస్తున్నారో చూసుకున్నారు. ఆట ఏమిటన్నది వాళ్ళకి రెండో సంగతి.

మొదటి రోజు ప్రాక్టీసులో ఒకమ్మాయి నుదురు వచ్చి నా ముక్కుకి తగిలింది. నెత్తురు పెదాల మీదుగా గడ్డం దాకా కారింది. నేను ఆగిపోయి, ఎవరైనా వచ్చి ఇంటికి పంపిస్తారని చూశాను. కోచ్ వచ్చి నా ముక్కులో దూది కుక్కింది, మ్యాట్ మీది మరకను మందు కొట్టి తుడిచింది, ఈల వేసింది. మళ్ళీ మొదలు. ఆ సాయంత్రం నన్ను పదకొండుసార్లు కింద పడేశారు. పన్నెండోసారి నేను ఒకమ్మాయి నడుము పట్టుకుని ఎత్తి పడేశాను. పడినప్పుడు ఆమె ఊపిరి గట్టిగా బయటికి వచ్చింది. ఆ రాత్రి డైరీలో పదకొండు గురించి ఏమీ రాయలేదు. ఆ ఒక్కదాని గురించి రెండు పేజీలు రాశాను.

స్కూలు వరండాల్లో నాతో ఎవరూ మాట్లాడేవారు కాదు. తప్పు వాళ్ళది కాదు, నేను నోరు విప్పేదాన్ని కాదు. మధ్యాహ్నం లైబ్రరీలో కూర్చుని, లైబ్రేరియన్ చూడకుండా డబ్బాలో పులిహోర తినేదాన్ని. మ్యాట్ మీద మాత్రం నాతో ఎవరూ మాట్లాడనక్కర లేదు. మెడ పట్టుకోవాలి, కాలు లాగాలి, ముఖాన్ని మ్యాట్‌కేసి రుద్దాలి. పదేళ్ళ కూచిపూడి వల్ల నా తొడలు గట్టిగా ఉండేవి. కింద నుంచి నన్ను కదల్చడం కష్టమని కోచ్ అనేది. రెండో ఏడాదికి నా ఎడమ చెవి రాపిడికి వాచి గట్టిపడిపోయింది. నాట్య ప్రదర్శన రోజు ఆ చెవికి జూకా ఎంతకీ పట్టలేదు. మా డాన్స్ టీచర్ గారు రెండు చెవులనీ మార్చి మార్చి చూసి, "ఏంటమ్మా ఇది, ఆడపిల్లవి!" అన్నారు. అమ్మ తలవంచుకుని, జూకాని దారంతో కట్టింది.

నాకది బాగుండేది. అది ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. అవతలి మనిషి బలం ఒక్కసారిగా సడలడం నా చేతులకి తెలిసే క్షణం కోసం వారమంతా ఎదురుచూసేదాన్ని.

చివరి ఏడాది జిల్లా పోటీల్లో ఒక సంగతి జరిగింది. ఎదుటి అమ్మాయిది నా బరువే, నా ఎత్తే. జడ బిగించి అల్లుకుంది. నేను ఆమెను బోర్లా పడేసి, కుడిచేతిని వెనక్కి మడిచి వీపు మీదుగా పైకి తోశాను. నియమాల్లో ఉన్న పట్టే. కొంతవరకు తోస్తే మనిషి తిరిగి వెల్లకిలా పడుతుంది. ఈమె తిరగలేదు. రెఫరీ అటువైపు ఉన్నాడు. ఆమె అరిచింది. నా చెంప ఆమె వీపుకి ఆని ఉంది కాబట్టి, ఆ అరుపు నాకు చెవిలో కంటే ముందు ఎముకల్లో వినబడింది. ప్రేక్షకుల్లోంచి అమ్మ తెలుగులో అరుస్తోంది: "వదలకే! వదలకు!" అంతమందిలో ఆ మాట అర్థమైంది నాకూ నాన్నకీ మాత్రమే.

నేను వదలలేదు. ఒక్క ఊపిరి పీల్చేంతసేపు, ఇంకాస్త తోశాను.

కోడికాలు కీలు దగ్గర విరిచినప్పుడు వచ్చే చప్పుడు వచ్చింది. ఆమె భుజం కీలు తప్పింది. రెఫరీ వచ్చి నన్ను లాగేశాడు. ఆమె మ్యాట్‌ని పళ్ళతో పట్టుకుంది, వాంతి చేసుకుంది. వాళ్ళమ్మ చెప్పులు వదిలేసి మెట్లు దిగి పరిగెత్తుకొచ్చింది. కాసేపటికి నా చెయ్యి పైకెత్తి నేను గెలిచానన్నారు. పతకం ఇచ్చారు. కారులో అమ్మ, "పాపం ఆ పిల్ల" అని ఒకసారి అని, తర్వాత కుస్తీ సలహా ఇచ్చిన అంకుల్‌కి ఫోన్ చేసి పతకం సంగతి చెప్పింది. ఆ రాత్రి డైరీలో, "వినబడింది. వదల్లేదు" అని రెండు మాటలే రాశాను.

కాలేజీ ఓరియంటేషన్‌కి వెళ్ళిన రోజు సొరోరిటీ అనే అమ్మాయిల సంఘం ఇల్లు ఒకటి చూశాను. తెల్లటి స్తంభాల పెద్ద ఇల్లు. ఆ సంఘంలో చేరిన అమ్మాయిలంతా అక్కడే ఉంటారు, అక్కడే తింటారు. కిటికీలోంచి భోజనాల గది కనబడింది. పొడుగాటి బల్లల దగ్గర యాభైమంది అమ్మాయిలు ఒకరి ప్లేట్లోంచి ఒకరు తీసుకుని తింటూ, నోట్లో ముద్ద ఉండగానే మాట్లాడుకుంటున్నారు. ఎండలో ఆ పచ్చికలో అలాగే నిలబడిపోయాను. ఆ బల్ల దగ్గర నాకో కుర్చీ కావాలి. నాకింకేమీ వద్దు. నాలుగేళ్ళు లైబ్రరీలో డబ్బా దాచుకుని తిన్నదాన్ని. ఇంకో నాలుగేళ్ళు అలా తినలేను.

చేరాలంటే ఆగస్టులో, క్లాసులు మొదలవక ముందు, రష్ అనే వారం రోజుల ఎంపిక ఉంటుంది. ఇలాంటి సంఘాల ఇళ్ళన్నీ తిరగాలి, ఒక్కో ఇంట్లో ఐదు నిమిషాలకొకరు చొప్పున సీనియర్లు మాట్లాడతారు, రోజురోజుకీ నచ్చనివాళ్ళను తీసేస్తారు. ముందుగా ఒక పేజీ వివరాలు, పాత సభ్యురాలెవరైనా రాసిన సిఫార్సు పంపాలి.

అమ్మకి ఈ పని తెలిసినట్టే అనిపించింది. కాలేజీ అప్లికేషన్ కోసం చేసిన జాబితానే తీసి, మూడు పేజీలు చేసి పంపింది. కూచిపూడి రంగప్రవేశం, లెక్కల పోటీలు, లైబ్రరీ సేవ, గుడిలో వాలంటీరు, రోబోటిక్స్, కుస్తీ పతకం. సిఫార్సు మా డెంటిస్టు రాసింది. ఆవిడ గదిలో గోడమీద పాత సొరోరిటీ ఫోటో ఉండటం అమ్మ గమనించి, మత్తుసూదికి సగం నోరు మొద్దుబారి ఉండగానే అడిగేసింది. పళ్ళు శుభ్రం చేసే కుర్చీలో పడుకుని, పెదవి ఒక పక్కకి జారిపోతుండగా, "మై డాటర్... వెరీ సైలెంట్... బట్ వెరీ గుడ్" అంది. ఆవిడ నవ్వి సరేనంది.

"మూడు పేజీలు చదువుతారా అమ్మా?" అన్నాను.

"చదవకేం! ఇంత చేసిన పిల్ల ఎవరుంటారు వాళ్ళకి?"

మొదటిరోజు ఎండ నూటమూడు డిగ్రీలు. మడమలెత్తు చెప్పుల్లో, ఒక ఇంటి ముందు ఎనభైమందిమి వరుసలో నిలబడ్డాం. లోపల నుంచి తలుపుల్ని పిడికిళ్ళతో బాదుతున్నారు. కాళ్ళతో నేలని దంచుతున్నారు. గోడలు అదిరిపోతున్నాయి. నా ముందున్న అమ్మాయి ఏడవడం మొదలుపెట్టింది. ధడాలున తలుపు తెరుచుకుంది. వందమంది ఒకరి భుజం మీద ఒకరు ఎగబడి, పళ్ళన్నీ కనబడేలా మా ముఖాల్లోకి అరుస్తూ పాడారు. తర్వాత ఒక చెయ్యి వచ్చి నా మోచెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

"హైస్కూల్లో ఏం చేసేదానివి?"

ప్రతి ఇంట్లోనూ అదే మొదటి ప్రశ్న. చీర్ టీమ్ అనో, డ్రిల్ టీమ్ అనో, స్టూడెంట్ కౌన్సిల్ అనో చెప్పినవాళ్ళకి వెంటనే దారి దొరికేది. "అరె, అయితే మా కజిన్ తెలుసా నీకు?" అనేవాళ్ళు, తెలిసే ఉండేది. పైగా వాళ్ళు నాలుగేళ్ళుగా జనం ముందు నవ్వడం సాధన చేసి వచ్చారు. వాళ్ళ స్కూలు పనులు వాళ్ళని ఈ గదికోసమే తయారుచేశాయి. నావి పరీక్షలకోసం తయారుచేశాయి. నేను కూచిపూడి అంటే, "ఓ, ఎంత బావుందో!" అనేవాళ్ళు. తర్వాత వాళ్ళ కళ్ళు నా భుజం మీదుగా గడియారం వైపు వెళ్ళేవి. మూడు పేజీల సంగతి ఎవరూ ఎత్తలేదు. మొదటిరోజు సాయంత్రానికి తొమ్మిది ఇళ్ళు పోయి నాలుగు మిగిలాయి.

రెండోరోజు, నేను కిటికీలోంచి చూసిన ఆ ఇంట్లోనే, ఒకమ్మాయి నా జుట్టు పక్కకి తీసి చూసింది.

"నీ చెవికేమైంది?"

"రెజ్లింగ్."

"నువ్వా? నిజంగా? ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

"ఒకమ్మాయి భుజం... కీలు తప్పింది."

ఆమె పక్కనున్న పొడుగమ్మాయి మణికట్టు పట్టుకుని లాగింది. "ఇటు రావే! ఈ పిల్ల చూడు, చీపురుపుల్లలా ఉంది. ఎవరిదో చెయ్యి పీకేసిందట!"

ముగ్గురు వచ్చారు. ఆరుగురయ్యారు. నా జీవితంలో మొదటిసారి నేను మాట్లాడుతుంటే మనుషులు ముందుకి వంగారు. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. పక్కగదిలోని వాళ్ళు కూడా తలలు తిప్పారు. అరుపు సంగతి చెప్పలేదు. అమ్మ మాట చెప్పలేదు. చెప్పులు లేకుండా వచ్చిన ఆ తల్లిని చెప్పలేదు. ఆ అమ్మాయి నాకంటే రెట్టింపు ఉంటుందని చెప్పాను. బరువుల్ని బట్టి జతచేసే ఆటలో అది కుదరదని ఎవరికీ తట్టలేదు. మధ్యాహ్నానికి కథలో నవ్వాల్సిన చోట్లు రెండు చేరాయి. సాయంత్రానికి, చప్పుడు వచ్చేచోట నేను మెటిక విరిచి వినిపించేదాన్ని. అందరూ ఒక్కసారి కెవ్వుమని, తర్వాత విరగబడి నవ్వేవారు.

మూడోరోజు అదే ఇంట్లో, పాటలు పాడించే సీనియర్ కుర్చీలు వెనక్కి జరిపించింది.

"చేసి చూపించు."

"ఇక్కడా?"

"ఇక్కడే. మీ వెంట వచ్చిన కౌన్సెలర్లు బయట ఉన్నారులే, చూడరు." ఆమె చుట్టూ చూసి పొడుగమ్మాయి భుజం తట్టింది. "నువ్వెళ్ళు. నిన్ను కింద పడేస్తే ఒప్పుకుంటా."

పొడుగమ్మాయి హైస్కూల్లో చీర్ టీములో మిగతావాళ్ళని భుజాల మీద మోసేదట. నాకంటే తలంత ఎత్తు ఎక్కువ. ఆమె చెప్పులు విప్పి, నవ్వుతూ, "మెల్లగా ఏం?" అంది. నేను తెల్లగౌనులో ఉన్నాను.

మొదట మెల్లగానే పట్టుకున్నాం. చుట్టూ నలభైమంది చప్పట్లు కొడుతూ, నేల దంచుతూ మొదలుపెట్టారు. ఓడిపోవడం ఆమెకీ ఇష్టం లేనట్టుంది. ఒక్కసారిగా గట్టిగా విదిల్చింది, ఆమె మోకాలు వచ్చి నా నోటికి తగిలింది. పెదవి చిట్లింది. నాలుక మీద ఇనుము రుచి తగలగానే నాకు సిగ్గుపోయింది. ఆమె కాలు లాగాను. ఆ పొడుగంతా ధబ్బుమని కార్పెట్ మీద పడింది, టీపాయ్ మీది గ్లాసులు దొర్లాయి. పైకెక్కి, మెడ మీద మోచెయ్యి పెట్టి ముఖాన్ని కార్పెట్‌కి నొక్కి, కుడిచేతిని వెనక్కి మడిచాను. పైకి తోశాను.

"ఓకే," అంది ఆమె. నవ్వు గొంతే.

తోశాను.

"ఓకే! ఓకే, ఆపు!" అది నవ్వు కాదు.

ఆమె వీపు సడలింది. ఒకటి అని లెక్కపెట్టేంతసేపు, నేను ఇంకా పట్టుకునే ఉన్నాను. తర్వాత వదిలాను.

కీలు తప్పలేదు. ఆమె పక్కకి దొర్లి, భుజం పట్టుకుని, నన్ను చూసింది. చెంప మీద కార్పెట్ రాసుకుని ఎర్రగా గీతలు పడ్డాయి. కళ్ళల్లో నీళ్ళు. నేను క్షమించమనబోయాను. నా మాట ఎవరికీ వినబడలేదు. గది పేలిపోయింది. ఎవరో నన్ను అమాంతం ఎత్తుకున్నారు. ఎవరో న్యాప్‌కిన్‌తో నా పెదవి తుడిచి, నెత్తురంటిన పళ్ళతోనే నవ్వమని ఫోటో తీశారు. పాటలు పాడించే సీనియర్ నా చెవిలో, "నువ్వు మాదానివి" అంది. ఆ మాట కోసమే వచ్చాను కదా. పట్టరాని సంతోషం కలిగింది. పొడుగమ్మాయి ఎప్పుడు లేచి వెళ్ళిందో చూడలేదు.

ఆఖరి రోజుకి నాకు రెండు ఇళ్ళు మిగిలాయి. ఒకటి ఇది. రెండోది, వీధి చివర రంగు వెలిసిన చిన్న ఇల్లు. అక్కడ కళ్ళద్దాల అమ్మాయి ఒకతి నన్ను ఏం చదువుతున్నావని అడిగింది. నాకు చెప్పడానికి గంట పట్టేంత ఉంది. "ఏవో నవలలు" అని ఊరుకున్నాను. కథ చెప్పే గొంతు తప్ప నాకు ఇంకో గొంతు రాలేదు.

ఆ సాయంత్రం పెద్ద ఇంట్లో దీపాలార్పి కొవ్వొత్తులు వెలిగించారు. ఆఖరి రోజు మనల్ని ఎవరు బాగా ఇష్టపడ్డారో వాళ్ళనే మన పక్కన కూర్చోబెడతారని విన్నాను. నా పక్కన వచ్చి కూర్చున్నది పొడుగమ్మాయి. ఆగస్టులో పొడుగు చేతుల గౌను వేసుకుంది. ఒక చీటీ చూస్తూ, నువ్వు మా అక్కచెల్లెళ్ళలో ఒకరివి కావాలని మా కోరిక అని చదివింది. తర్వాత చీటీ మడిచింది.

"వాళ్ళు నన్ను కావాలనే ఇక్కడ కూర్చోబెట్టారు. చూడ్డానికి బావుంటుందని."

"భుజం ఎలా ఉంది?"

"పైకెత్తలేకపోతున్నా." చాలా నెమ్మదిగా మాట్లాడింది. "నిన్న ఓటింగ్‌లో నేనొక్కదాన్నే వద్దన్నాను. నా మాట చెల్లలేదు. అందరూ నవ్వారు. నీకు కావలసిన ఇళ్ళ జాబితాలో మమ్మల్ని మొదట రాయకు. ప్లీజ్. ఆ అవతలి ఇల్లు మంచిదే."

ఆమె కొవ్వొత్తి నాకందించింది, ఎడమచేత్తో.

బయటికి రాగానే మమ్మల్ని కంప్యూటర్ల గదిలో కూర్చోబెట్టారు. రెండు పేర్లు, ముందేది వెనకేది అన్నదే ప్రశ్న. అరగంట సమయం. పక్కసీట్లో ఒకమ్మాయి నిశ్శబ్దంగా గోళ్ళు కొరుక్కుంటోంది. నేను పొడుగమ్మాయి ముఖం తలచుకున్నాను. ఆ బల్లల్ని తలచుకున్నాను. ఆమె అడిగింది న్యాయమని నాకు తెలుసు. తెలిసే, పెద్ద ఇంటిని పైన పెట్టి బటన్ నొక్కాను. అరగంటలో నాలుగు నిమిషాలే వాడాను.

మర్నాడు ఫలితం ఉన్న కవరు తెరిచి అమ్మకి ఫోన్ చేశాను.

"వచ్చిందా? నే చెప్పలా! మూడు పేజీలు ఊరికే పోతాయా? కూచిపూడి గురించి అడిగారా?"

"అడిగారమ్మా."

"మరి! ఏదీ వృథా పోదు బంగారం."

కుర్చీ దొరికింది. మూడు వారాలు ఆ బల్ల దగ్గర తిన్నాను. నా ప్లేట్లోంచి చిప్స్ తీసుకునేవాళ్ళు, నన్ను ముద్దుపేరుతో పిలిచేవాళ్ళు. ఇంట్లో ఎవరైనా ఎవరితోనైనా గొడవపడితే, "దీన్ని పంపించమంటావా?" అని నా భుజం మీద చెయ్యి వేసేవాళ్ళు. నేను నవ్వేదాన్ని. పొడుగమ్మాయి మాత్రం భోజనాల గదిలో కనబడేది కాదు. ఊళ్ళో బయట తింటుందేమో అనుకున్నాను, అనుకోవడం సులువు కాబట్టి.

ఒక మధ్యాహ్నం మంచినీళ్ళకోసం వంటగదిలోకి వెళ్ళాను. సింకు పక్కన నిలబడి ఆమె తింటోంది. నన్ను చూసి ప్లేటు కింద పెట్టింది.

"నువ్వు వెళ్ళాక తింటా."

"లోపల చోటుంది."

"తెలుసు."

"ఆ రోజు నువ్వు ఓకే అనడం... నాకు వినబడింది."

"అదీ తెలుసు. నీ చెవి నా వీపు మీదే ఉంది." ఆమె ప్లేటు కడగడం మొదలుపెట్టింది, సగం అన్నం అందులో ఉండగానే. "వినబడలేదేమో అనుకుని ఉంటే నేనూ ఆ బల్ల దగ్గరే తినేదాన్ని."

నేను లోపలికి వెళ్ళాను. ఎవరో కొత్తగా ఇద్దరు స్నేహితురాళ్ళని భోజనానికి తీసుకొచ్చారు. నన్ను చూడగానే పాటలు పాడించే సీనియర్ బల్ల చరిచింది.

"వచ్చింది! వీళ్ళకి ఆ భుజం కథ చెప్పవే. మెటిక విరవడం మర్చిపోకు."

కూర్చున్నాను. అలవాటైన చోట మొదలుపెట్టాను. ఆ అమ్మాయిది నా బరువేనని చెప్పాను. జడ సంగతి చెప్పాను. ఆమె ఎలా అరిచిందో చెప్పాను. మా అమ్మ ఏమని అరిచిందో తెలుగులో చెప్పి, దాని అర్థం చెప్పాను. వినబడ్డాక నేనేం చేశానో చెప్పాను. ఈ ఇంట్లో, ఈ పక్క గదిలో కూడా వినబడిందని చెప్పాను. నవ్వడానికి తెరిచిన నోళ్ళు కొన్ని అలాగే ఉండిపోయాయి. మెటిక విరవలేదు.

"ఏంటిది, తింటుంటే..." అంది ఎవరో.

సీనియర్ ఫోన్ తీసి చూసుకుంటోంది. కొత్తగా వచ్చిన ఇద్దరిలో ఒకమ్మాయి నా పక్కనే ఉంది. ఆమె నా వైపు చూడకుండా, తన గ్లాసుని రెండు వేళ్ళతో నాకు దూరంగా జరిపింది. తర్వాత కుర్చీ కూడా.